ముడి వజ్రానికి పత్రం తప్పనిసరి

తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెతికే మనవాళ్లకూ, సౌదీ అరేబియాకు వెళ్లొచ్చే మనవాళ్లకూ పనికొచ్చే సంగతి ఇది. సాన పట్టని వజ్రం దేశం దాటాలంటే కింబర్లీ ధ్రువపత్రం కావాలి. ఆఫ్రికాలో తిరుగుబాటు సేనలు వజ్రాలమ్మి ఆయుధాలు కొన్నాయి. ఆ నెత్తుటి వ్యాపారాన్ని అరికట్టడానికే 2003 జనవరి 1న ఈ విధానం అమల్లోకి వచ్చింది. సరుకును సీలు వేసిన పెట్టెలోనే పంపాలి. ఈ విధానంలో సభ్యత్వం లేని దేశంతో ముడి వజ్రాల వ్యాపారం నిషిద్ధం. మన దేశంలో ఈ పత్రాలిచ్చేది రత్నాలు, ఆభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి. సౌదీ ప్రయాణికులకు మరో నియమం ఉంది: నగదు, బంగారం, రత్నాల విలువ 60,000 రియాళ్లు, అంతకు మించితే కస్టమ్స్ వారికి ముందే తెలపాలి. ఎవరైనా ముడి రాయి చేతిలో పెట్టి జెడ్డాలో ఇచ్చి రమ్మంటే, దయచేసి ఒప్పుకోకండి.