తుపాను కడుపులోని వాన

తుపాను అనగానే మనకు తోచునది గాలి. దానికి తరగతిని నిర్ణయించునదియు గాలివేగమే: గంటకు 62 కిలోమీటర్లకు చేరినచో తుపాను, తగ్గినచో వాయుగుండము. ఈ కొలత తీరవాసులకు చాలునేమో గాని, తీరమునకు దూరమైన గార్లవంటి ఊళ్ళకు చాలదని మా ఉద్దేశము. 2024 సెప్టెంబరు 1 తెల్లవారకమునుపు కళింగపట్నము చేరువ తీరము దాటినది వాయుగుండమే. అయినను కేసముద్రము వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయినది. మున్నేరు ఖమ్మమును ముంచినది. ఆ మున్నేటిలో చేరునది గార్ల ప్రక్కన పారు పాకాల ఏటి నీరే. నేల తాకిన గాలి త్వరలోనే అలసిపోవును, వాన అలయదు.

మరి ఆ వానను చూచుటెట్లు? విశాఖపట్నము, మచిలీపట్నములందలి రాడారులు కడలివైపు చూచుచునే యున్నవి. కాని భూమి గుండ్రనిది; దూరము పోయినకొలది రాడారు కిరణము పైకి లేచి, క్రింది వానను విడిచిపెట్టును. కనుక పైనుండి చూడవలసి వచ్చినది. అమెరికా, జపానులు 1997 నవంబరులో పంపిన ‘ట్రిమ్’ ఉపగ్రహము వానను కొలుచు రాడారును మొదటిసారిగా అంతరిక్షమున కెక్కించి, 2015 వరకు పనిచేసినది. పనసకాయను నిలువున కోసినట్లు అది తుపానును పావు కిలోమీటరు పొరలుగా చూపినది.

మన ప్రాంతపు ఆకాశమున సుమారు 5 కిలోమీటర్ల యెత్తున మంచురేకులు కరగును. కరగుచున్న రేకు రాడారునకు పెద్ద చినుకువలె మెరయును. ఆ మెరుపుపట్టీ చెదరక కనబడినచోట వాన నిదానముగా, విస్తారముగా కురియును. మేఘస్తంభములు దానిని చీల్చినచోట కుంభవృష్టియే. తుపాను కంటిచుట్టు స్తంభము 14.5 కిలోమీటర్లు మించి లేచినచో, కొలది గంటలలో తుపాను బలియు అవకాశము హెచ్చని ట్రిమ్ పరిశీలనలు తెలిపినవి.

ఇందొక చిక్కు కలదు. చినుకు వెడల్పు రెట్టింపైనచో నీరు 8 రెట్లగును గాని, ప్రతిధ్వని సుమారు 64 రెట్లగును! కొన్ని పెద్ద చినుకులా, పెక్కు చిన్న చినుకులా యని తేల్చుకొనుటకే 2014 ఫిబ్రవరిలో ఎగసిన ‘జి.పి.యం.’ ఉపగ్రహమున రెండు తరంగముల రాడారు నమర్చిరి. రెంటి జవాబులలోని తేడాయే చినుకు పరిమాణమును పట్టియిచ్చును.

ఒక తుపాను ఈ రాడారు క్రింద నుండునది ఒకటి రెండు నిమిషములే. కావున దాని లెక్కను ప్రమాణముగా గొని, ఇతర ఉపగ్రహముల కొలతలను సరిదిద్ది, అరగంట కొక వానపటము తయారుచేయుచున్నారు. ఆ పటము చేతికందుసరికి సుమారు 4 గంటలగును. ఆలోపల పాకాల ఏరు పొంగినను పొంగవచ్చును.