చదరంగపు లెక్క
(గరివిడిలో పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. ముప్పై ఏళ్లకు పైగా కూడికలతో బతికిన గుమాస్తాను. అందుచేత ఒక లెక్క గురించే మనవి చేస్తాను.

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా 64 గడులకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన దీనికి ఒక్క పద్యంలో జవాబిచ్చాడు. ఆయన 11వ శతాబ్ది వాడని ప్రసిద్ధి. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు. ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు వేసుకుంటూ పోతే 20 అంకెలు వస్తాయి: 1,84,46,74,40,73,70,95,51,615.

ఇది సరేనా? రెండును 64 సార్లు వేసి హెచ్చించి, ఒకటి తీసేస్తే ఈ మొత్తం రావాలి. ఆరు రెండ్లు హెచ్చిస్తే 64. తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కనుక 60 రెండ్లకూ శేషం 1. మిగిలిన నాలుగు రెండ్లకు 16, ఒకటి పోగా 15, శేషం 6. మల్లన అంకెలు కూడితే 87. దానికీ శేషం 6. సరిపోయింది.

కానీ ఈ తొమ్మిది నన్ను ఒకసారి మోసగించింది. 1985లో, చనిపోయిన ఒక బంట్రోతు బకాయి 8,640 రూపాయలకు 8,460 అని వేశాను. రెండింటి అంకెల మొత్తమూ 18 కనుక తప్పు పట్టుబడలేదు. ఆయన భార్య ఆ 180 రూపాయల కోసం మూడుసార్లు ఆఫీసుకు తిరిగింది. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని అప్పుడు నేర్చుకున్నాను.

పక్కపక్క అంకెలు తారుమారైతే పదకొండు పట్టేస్తుంది. ఒకట్ల స్థానం నుంచి అంకె విడిచి అంకె కూడితే మల్లన సంఖ్యలో 62, విడిచినవి కూడితే 25. తేడా 37, పదకొండుతో శేషం 4. అటు పది రెండ్లు హెచ్చిస్తే 1024, శేషం 1. కనుక 60 రెండ్లకూ 1. తక్కిన లెక్క మళ్లీ 15, శేషం 4. ఇదీ సరిపోయింది.

పెద్దలూ పొరబడతారు. ఈ సంఖ్య 429,49,67,295ను 429,49,67,297తో హెచ్చించగా వచ్చినదే. ఆ రెండవది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనే మహా గణితజ్ఞుడు నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 67,00,417ల లబ్ధంగా విడగొట్టి చూపాడు.

కనుక మిత్రులారా, మీ పింఛను కాగితం ఎవరు వేసినా ఇంటిదగ్గర మరొకసారి కూడండి. ఒక పద్ధతిలో కాదు, రెండు పద్ధతుల్లో. వేసినవాడు నాలాంటి గుమాస్తాయే కావచ్చు.