20,000 దాటిన సైటేషన్లలో నాదీ ఒకటి, కానీ నేను ఆ పేపర్ చదవలేదు!

ఈరోజు ఒక రీసెర్చ్ పేపర్ గురించి మాట్లాడుకుందాం. గూగుల్ స్కాలర్‌లో దాని పేరు కొడితే కింద సైటేషన్ల సంఖ్య 20,000 దాటే కనిపిస్తుంది. సైటేషన్ అంటే ఏమీ లేదు, వేరే పరిశోధకుడు తన పేపర్‌లో "ఈ పని నేను చూశాను" అని పేరు రాయడం. ఆ వేలల్లో ఒకటి నాది. అది రాసినప్పుడు నేను ఆ పేపర్ తెరిచి కూడా చూడలేదు. ముందు ఈ సంగతి ఒప్పేసుకుని మొదలుపెడతాను.

ఎంటెక్‌లో ఉండగా ఒక కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపాం. చివర్లో రిఫరెన్సులు కావాలి కదా? సీనియర్ రిపోర్ట్‌లోంచి లిస్ట్ ఎత్తి పెట్టేశాను. అందులో మొదటిదే ఇది. చార్లెస్ పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ 1999లో రాసింది. అందులోని పద్ధతి పేరు ఏఓడీవీ.

తర్వాత 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో రూమ్‌లో ఉన్నా, అమ్మానాన్న గాజువాకలో. నా ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది, సిగ్నల్ లేదు. వాళ్ళెలా ఉన్నారో తెలీదు. అప్పుడు తట్టింది: ఇక్కడి నుంచి గాజువాక దాకా వేల ఫోన్లున్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మాట అందించుకుంటూ పోలేవా? ఆ పేపర్ ఆలోచించింది సరిగ్గా ఇలాంటి దాని గురించే. అన్నీ సర్దుకున్నాక అప్పుడు కూర్చుని చదివాను.

విషయం సింపుల్. ఊరికి కొత్తగా వచ్చి ఫలానా వాళ్ళ ఇల్లెక్కడని అడిగారనుకోండి. మొదటాయనకి తెలీదు, పక్కాయన్ని అడుగుతాడు. ఆయన ఇంకొకర్ని. అడిగిన ప్రతివాళ్ళూ "నన్ను ఎవరు అడిగారు" అన్నది గుర్తుపెట్టుకుంటారు. చివరికి ఆ ఇంటివాళ్ళే పలికితే, జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. ఏఓడీవీ చేసేది ఇదే. అవసరం పడినప్పుడే దారి వెతుకుతుంది. 1994లో పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ ఇచ్చిన డీఎస్‌డీవీ పద్ధతిలో అయితే అవసరం ఉన్నా లేకున్నా అందరూ అన్ని దారులూ ఎప్పటికప్పుడు చెప్పుకుంటూ ఉండాలి.

ఇంకో చిక్కుంది. "వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి ఆర్నెల్లయింది" అంటారు చూడండి, అలా పాత సమాచారం దారి తప్పిస్తుంది. అందుకే ప్రతి సమాచారానికీ ఒక సీక్వెన్స్ నంబర్ ఉంటుంది. పెద్ద నంబరున్నదే తాజాది. దీనివల్లే మెసేజ్ తిరిగిన చోటే గిరగిరా తిరగదు.

మరి మన ఫోన్ కాల్స్ ఇలా వెళ్తున్నాయా? లేదు. మనుషులు కదులుతుంటే దారులు తెగుతాయి. పక్కవాళ్ళ మెసేజ్‌లు మోస్తే మన బ్యాటరీ అయిపోతుంది. మధ్యలో ఒకడు "నాకు దారి తెలుసు" అని అబద్ధం చెప్పి మెసేజ్‌లన్నీ మింగేయొచ్చు. దాన్ని బ్లాక్ హోల్ దాడి అంటారు. ఈ లోపాలను పట్టుకుని బోలెడు పేపర్లు వచ్చాయి. అసలు మజా ఇక్కడుంది: తప్పు పట్టినా అదీ ఒక సైటేషనే. మెచ్చుకున్నా ఒకటే, తిట్టినా ఒకటే, నాలా చదవకుండా రాసినా ఒకటే.

2003లో ఇది ఆర్‌ఎఫ్‌సీ 3561గా వచ్చింది, అదీ ప్రయోగాత్మకం అనే ముద్రతో. కానీ ఆలోచన చావలేదు. ఇంట్లో స్మార్ట్ బల్బులు మాట్లాడుకునే జిగ్బీలో, వైఫై మెష్ కోసం వచ్చిన 802.11ఎస్‌లో దీని ఛాయలు ఉన్నాయి. ఆ సంగతి సైటేషన్ల సంఖ్య చూస్తే తెలీదు.

హెచ్-ఇండెక్స్ అని ఇంకో లెక్కుంది. కనీసం పదేసి సైటేషన్లున్న పేపర్లు పది ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 10. ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ దీన్ని చూస్తారు. అదీ లెక్కపెట్టేది పేర్లు రాసిన వాళ్ళనే గానీ చదివిన వాళ్ళని కాదు.

సైటేషన్లు దండగ అనడం లేదు. ఇన్ని వేలమంది ఒక చోటికి వచ్చారంటే అక్కడేదో ఉన్నట్టే. కానీ అదేంటో తెలియాలంటే మనం వెళ్ళి చూడాల్సిందే. నా పాత సైటేషన్‌ని ఇప్పుడు తీసేయలేను. మీరు బీటెక్ ప్రాజెక్ట్ చేస్తుంటే ఒక్క పని చేయండి. రిఫరెన్సుల్లో మొదటి పేపర్‌ని ఈ రాత్రికి ఫోన్‌లోనే తెరిచి, కనీసం మొదటి రెండు పేజీలు చదవండి. అర్థం కాకపోతే కామెంట్‌లో అడగండి, కలిసి చదువుదాం. ఉంటాను మరి.