నోరుగల వ్యాధి, నోరులేని వ్యాధి

ఏటేట అక్టోబరు మాసము వచ్చుసరికి లోకములోని పెద్ద పట్టణములు గులాబీరంగు ధరించును. పత్రికలలో, అంగళ్లలో, ఆటస్థలములలో ఆ రంగు రిబ్బను కనబడును. హైదరాబాదులో చార్మినారుపై సైతము గులాబీ దీపకాంతి ప్రసరింపజేసిన సంవత్సరములు కలవు. అది రొమ్ము క్యాన్సరును గూర్చి ప్రజలను హెచ్చరించు గుర్తు. మరి ఊపిరితిత్తుల క్యాన్సరుకు రంగేది? నోటి క్యాన్సరుకు నెల యేది? గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు దీపమేది? వాటికిని గుర్తులు లేకపోలేదు. కాని మనలో వాటి నెరిగినవారు అరుదు. ఒక వ్యాధి ఇంతగా లోకము కంటబడుటకును, దాని తోడి వ్యాధులు చాటుననే యుండుటకును కారణమేమి? అది న్యాయమేనా? ఈ ప్రశ్నను నేడు కొంచెము విచారింతము.

ముందుగా లెక్కలు చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2022 సంవత్సరమునకు కట్టిన అంచనా ప్రకారము, ఆ యేట లోకమంతట సుమారు 2 కోట్ల మందిలో క్రొత్తగా క్యాన్సరు బయటపడినది. సుమారు 97 లక్షల మంది మరణించిరి. రొమ్ము క్యాన్సరు 23 లక్షల మందికి వచ్చి, 6 లక్షల 70 వేల మందిని బలిగొన్నది. ఊపిరితిత్తుల క్యాన్సరు సుమారు 25 లక్షల మందికి వచ్చి, 18 లక్షల మందిని బలిగొన్నది. వచ్చుటలో రెండును ఇంచుమించు సమానములే. చంపుటలో రెండవది మొదటిదానికి రెండున్నర రెట్లకు పైబడినది. క్లోమమునకు వచ్చు క్యాన్సరు మరింత కఠినమైనది. ఆ యేట అది 5 లక్షల పదివేల మందికి రాగా, 4 లక్షల 67 వేల మంది దానివలన మరణించిరి.

ఈ అంకెలు చూచి, రొమ్ము క్యాన్సరుకు అక్కరకు మించిన ఆదరము లభించుచున్నదని కొందరు వాదింతురు. ఆ వాదము మాకు సమ్మతము కాదు. మన దేశపు అంకెలు వినుడు. అదే సంవత్సరమున భారతదేశములో రొమ్ము క్యాన్సరు సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చినది. సుమారు 98 వేల మంది మరణించిరి. అనగా వచ్చినవారి లెక్కలో సగమునకు పైగా మరణములు. ధనిక దేశములలో ఈ వంతు ఇంతకంటె చాల తక్కువ. ఇచ్చట ఆలస్యముగా కనుగొందురు. చికిత్స నడుమనే మానుకొందురు. ఇట్టిచోట ఆదరము ఎక్కువైనదనుట ఎట్లు? కాని అదే లెక్కలో నోటి క్యాన్సరు సుమారు 80 వేల మందిని, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మరి 80 వేల మందిని తీసికొనిపోయినవి. ఈ రెండును చాలవరకు నివారింపదగినవి. వీటిని గూర్చి మన వీధులలో మాట వినబడకపోవుటయే విచారకరము.

రొమ్ము క్యాన్సరుకు మాట ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మనకు ఉపయోగకరము. ఆ చరిత్ర చాలవరకు అమెరికాలో నడచినది. ఒకప్పుడు అచ్చటను ఈ వ్యాధి పేరు నలుగురిలో పలుకుటకు సిగ్గుపడెడివారు. 1974లో అధ్యక్షుడు ఫోర్డు భార్య బెట్టీ ఫోర్డు తనకు రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స జరిగిన సంగతిని దాచక ప్రకటించినది. కొలది వారములకే ఉపాధ్యక్షుడు కానున్న రాక్‌ఫెల్లరు భార్యకును అదే వ్యాధి బయటపడినది. నాటినుండి వేలకొలది స్త్రీలు వైద్యపరీక్షకు బయలుదేరిరి. 1980లో సూసన్ కోమెన్ అను యువతి ఈ వ్యాధితో మరణింపగా, ఆమె చెల్లెలు 1982లో ఆమె పేర ఒక సంస్థను స్థాపించినది. అక్టోబరు ప్రచారము 1985లో ఆరంభమైనది. 1990వ దశాబ్ది ఆరంభమున షార్లెట్ హేలీ అను స్త్రీ తన చేతులతో రిబ్బనులు చుట్టి, వాటికి చీటీలు కట్టి పంచినది. క్యాన్సరు పరిశోధనకు ప్రభుత్వమిచ్చు ధనములో నూటికి అయిదు వంతులు మాత్రమే నివారణకు పోవుచున్నదని ఆ చీటీలలో వ్రాసినది. గులాబీ రిబ్బను వాడుకలోనికి వచ్చినది ఆ పిమ్మటనే. 1992లో స్త్రీల సంఘముల పట్టుదలవలన అమెరికా శాసనసభ రక్షణశాఖ పద్దునుండి 21 కోట్ల డాలర్లు రొమ్ము క్యాన్సరు పరిశోధనకు కేటాయించినది.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఆ స్త్రీలు అడిగిరి, కనుక పొందిరి. ఇందు ఎవరి సొమ్మును ఎవరు దోచుకొనలేదు. లోకపు ఆదరము చావుల లెక్కననుసరించి పోదు. పిలుపు వినబడిన దిక్కునకు పోవును.

అయితే తక్కిన వ్యాధులవారు ఏల పిలువలేదు? మొదటి కారణము, పిలుచుటకు బ్రతికియుండవలెను. రొమ్ము క్యాన్సరును తొలిదశలో పట్టుకొన్నచో రోగి అనేక సంవత్సరములు జీవించును. సభలలో నిలిచి తన కథ చెప్పును. క్లోమ క్యాన్సరు రోగులలో ఎక్కువమందికి ఆ వ్యవధి యుండదు. రెండవ కారణము నింద. ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చినదనగానే, పొగత్రాగి తెచ్చుకొన్నాడని లోకమనును. జన్మమున పొగత్రాగనివారికిని ఆ వ్యాధి వచ్చును. త్రాగినవాడైనను జాలికి అర్హుడే. నిందపడినవాడు జెండా పట్టి వీధిలోనికి రాజాలడు. మూడవ కారణము సిగ్గును, పేదరికమును. గర్భాశయ ముఖద్వారమును గూర్చి మన యిండ్లలో తల్లి కూతురికే చెప్పదు. ఈ వ్యాధి యెక్కువగా పేదస్త్రీలను పట్టును. వారికి పత్రిక లేదు, వేదిక లేదు.

ఇందుకు మన తెలుగుసీమయందే ఒక ఉదాహరణము కలదు. ఉత్తరాంధ్ర తీరమున, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో, స్త్రీలు చుట్టను వెలిగించి నిప్పుకొన నోటిలోపల నుంచుకొని త్రాగు వాడుక కలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ వేడికిని పొగకును అంగిలిపై మచ్చలు లేచి, కొందరిలో క్యాన్సరుగా మారును. ఆ ప్రాంతమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి వ్రాసిన పరిశోధనను 1971లో ఒక బ్రిటిష్ వైద్యపత్రిక ప్రకటించినది. పొగాకు మానుడని ఇంటింట బోధించినచో మచ్చలు తగ్గునని తరువాతి కృషివలన తేలినది. ప్రపంచ వైద్యులెరిగిన ఈ సంగతి మన పట్టణములలో ఎందరెరుగుదురు? ఆ చుట్ట త్రాగు అవ్వకు రిబ్బను ఎవరు కట్టెదరు?

ఈ వ్యాధులను అడ్డగించుటకు గొప్ప యంత్రములు కావలెనా యనిన, అన్నిటికిని అక్కరలేదు. ముంబైలో పేదవాడల స్త్రీలపై 1998లో ఆరంభమైన యొక పరిశోధనలో, కొద్ది శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే పలుచని వినిగర్ వంటి ద్రవమును గర్భాశయ ముఖద్వారమునకు పూసి కంటితో పరీక్షించిరి. ఆ వ్యాధివలని మరణములు నూటికి 31 వంతున తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. తిరువనంతపురము ప్రాంతమున నోటిని తెరిపించి కంటితో చూచు పరీక్షవలన, పొగాకు లేక మద్యము అలవాటుగలవారిలో నోటి క్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 2005లో తేలినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు మూలము ఒక వైరసు అని నిరూపించిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెలు బహుమానము లభించినది. దానికి టీకా 2006లోనే వచ్చినది; మన దేశమున తయారైన టీకాకు 2022లో అనుమతి లభించినది.

ఇన్ని సాధనములుండగా మన స్థితి యెట్లున్నది? 30 నుండి 65 సంవత్సరముల వయసువారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, ఈ మూడింటి పరీక్షయు జరుగవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గసూచిక నిచ్చినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో ఒక్కసారియైనను గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 1.9 మాత్రమే. రొమ్ము పరీక్షకు 0.9, నోటి పరీక్షకు 0.9. గమనింపుడు: ఇంత ప్రచారము పొందిన రొమ్ము క్యాన్సరు సైతము ఇచ్చట తక్కినవాటికంటె మెరుగుగా లేదు. గులాబీదీపము పట్టణపు గోడపై వెలిగినదేకాని పల్లె గడప దాటలేదు.

కనుక ఒక వ్యాధి దీపమును తగ్గించి మరియొకదానికి పెట్టుడని మేము కోరము. జ్ఞానము గోడలు కట్టుకొని యుండునది కాదు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలో తయారైన మందులు 1940వ దశాబ్ది చివర పిల్లల రక్తక్యాన్సరుపై ప్రయోగింపబడినవి. వాటిలోనిదైన మెథోట్రెక్సేటు 1970వ దశాబ్దిలో రొమ్ము క్యాన్సరు చికిత్సలో చేరినది. రొమ్ము క్యాన్సరుకై 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అను మందు, 2010లో ఒకవిధమైన జీర్ణాశయ క్యాన్సరుకును ఉపకరించినది. ఒకరి యింట పెట్టిన దీపము పొరుగువారి వాకిటను వెలుగు నింపినది.

మేము కోరునది ఇది. అక్టోబరులో సభ జరిపినవారు ఆ సభలోనే నోటిమాటయు, గర్భాశయ ముఖద్వారపు మాటయు ఎత్తవలెను. రొమ్ములో గడ్డకై వచ్చిన కార్యకర్త ఆ యింటి పెద్ద నోటిలోనికిని చూడవలెను. రెండు మూడు వారములకును మానని నోటిపుండు, ముట్లుడిగిన పిమ్మట కనబడు రక్తము, ఎడతెగని దగ్గు, రొమ్ములో నొప్పిలేని గడ్డ: ఇవి వినగానే ఏ యింటివారైనను వైద్యుని యొద్దకు బయలుదేరునట్లు మన యూళ్లకు తెలియవలెను. పూర్వము మనవారు ఈ రోగమును రాచపుండని పిలిచి, దానికి మందు లేదని నిరాశపడిరి. నేడు మందు కలదు, పరీక్ష కలదు, టీకా కలదు. మాట నేర్చిన వ్యాధి మాటరాని వ్యాధులకు తన గొంతు నిచ్చినచో, నివారింపదగిన మరణములు మన యిండ్లలో తప్పక తగ్గును.