చిన్న నావకు విద్యున్మోటారు

(మన వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ సభలో మేము విద్యావ్యాప్తిని గూర్చియో, బాలికల చదువును గూర్చియో మాటలాడుదుమని తాము తలంచియుందురు. ముప్పదిరెండు సంవత్సరములు బడిపంతులుగా నుండి, పిల్లలచేత శబ్దమంజరియు నమరమును వల్లె వేయించిన వారమగుటచే మాకు నదియే తగిన విషయము. అయినను ఈ యేడు మేము చిన్న పడవకు బిగించు విద్యున్మోటారును గూర్చి మాటలాడ సంకల్పించితిమి. అమరమన్న మాకు నిఘంటువు. మా తండ్రిగారికి నావయొక్క వెనుకభాగము. ఆ వెనుకభాగమున బిగించు యంత్రమును గూర్చి చెప్పుట పితృఋణములో కొంత తీర్చుకొనుటయే యని మా విశ్వాసము.

మాది గౌతమీతీరమందలి యొక లంకగ్రామము. మా తండ్రిగారు తెడ్డు వేసి మమ్ము చదివించిరి. అఱువదవయేట ఆయన కుడిభుజము పైకి లేవకపోయెను. అన్నము కలుపుకొనుటకును ఎడమచేయియే శరణ్యమైనది. నేడు మన లంకలలో తెడ్డు పట్టువారిలో ఏబది దాటినవారే హెచ్చు. పడుచువారు పెట్రోలు యంత్రము కొనుటకు అప్పు చేయుదురు; పిమ్మట లీటరు నూఱు రూపాయలు దాటిన పెట్రోలునకు పట్టిన చేపలలో సగము సమర్పించుకొందురు. అది చాలక వల మడిచి అటకమీద పెట్టి, హైదరాబాదునకు పోయి మేడలకు కాపలా కాయుదురు. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. కాని నీటిమీది జీవనమునకు మఱియొక యుపాయమున్నదేమో యని వెదకుట పెద్దలమైన మన ధర్మము.

విద్యుత్తుతో పడవ నడపుట క్రొత్తవింత యని కొందఱందురు. అది నిజము కాదు. 1838వ సంవత్సరమున జాకోబీ యను శాస్త్రజ్ఞుడు రష్యాదేశమందలి నీవానదిలో విద్యుచ్ఛక్తిచే నావను నడపి చూపెను. 1881లో గుస్తావ్ ట్రూవే యను ఫ్రెంచివాడు పారిసు నగరమున సేనునదిలో, పడవనుండి ఊడదీసి చేత పట్టుకొని పోదగిన విద్యున్మోటారును ప్రదర్శించెను. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పెట్రోలుతో నడచు బయటిమోటారును 1909లో అమ్మకమునకు దెచ్చెను. కాబట్టి పెట్రోలుకంటె విద్యుత్తే ఈ పనికి అన్నగారు. తమ్ముడు బలవంతుడై అన్నను చాలకాలము మూలగూర్చుండబెట్టెను. మన పొరుగున కేరళములో వైకము రేవున 2017 జనవరినుండి ‘ఆదిత్య’ యను డెబ్బదియైదుగురు పట్టు నావ సూర్యరశ్మివలన గలుగు విద్యుత్తుతో జనులను దాటించుచున్నది. అది ప్రభుత్వము చేయించిన పెద్దనావ. మన ప్రశ్న మఱియొకటి: పదునాఱడుగుల నాటుపడవ గల పేదవాడేమి చేయగలడు?

అమరకోశమున తెడ్డునకు క్షేపణి యనియు, చుక్కానికి అరిత్రమనియు పేరులున్నవి. ఈ చౌకమోటారు ఆ రెంటిని ఒక్కకఱ్ఱకు తగిలించినట్టిది. పైన పిడియు, నడుమ నిలువుకడ్డీయు, నీటిలో మునిగియుండు తొట్టిలో మోటారును, దాని కొసను రెండుమూడు రెక్కల చక్రమును ఉండును. పిడి త్రిప్పిన పడవ తిరుగును. పిడి మెలివేసిన వేగము హెచ్చును, తగ్గును. రెండు మరలతో అమరపుబల్లకు బిగించుటయే పని. బిగించునప్పుడు రెక్కలు నీటిలో బాగుగా మునిగినవా లేవా యని చూడవలెను. పైకి తేలిన రెక్క గాలిని పీల్చి వట్టిగా తిరుగును గాని పడవను త్రోయదు.

మేము కొన్నది 12 వోల్టుల మోటారు. దానిమీద 55 పౌనుల త్రోపుబలమని వ్రాసియున్నది. అనగా ఇంచుమించు ఇరువదియైదు కిలోల బరువును లాగు బలము. పూర్తివేగమున అది 50 ఆంపియరుల విద్యుత్తును త్రాగును. పండ్రెండు ఏబదులు ఆఱువందల వాట్లు. ఒక గుఱ్ఱపుశక్తికి లోపే. ఇందు సగమునకు పైగా నీటిని కలచుటలోను వేడిమిలోను పోయి, పడవను నిజముగా త్రోయునది రెండువందల ఏబది వాట్లకు అటునిటు. బలిష్ఠుడు ఆగక తెడ్డు వేసినచో చాలసేపు నిలుపగల శక్తి నూఱు వాట్లకు మించదు. కావున ఈ యంత్రము అలసట లేని యిద్దఱు ముగ్గురు తెడ్డుగాండ్రతో సమానము. ఇంతకు మించి యాశించువాడు మోసపోవును.

ఇక బ్యాటరీ. మోటారు చేయి యైనచో బ్యాటరీ కడుపు. కారు బ్యాటరీ ఒక్కక్షణము గట్టిగా పనిచేసి ఊరకుండుటకు పుట్టినది. దానిని గంటలకొలది పిండినచో కొలది నెలలలోనే చచ్చును. ఇండ్లలో ఇన్వర్టరునకు పెట్టు ట్యూబులరు బ్యాటరీ ఈ పనికి మేలు. కాని అది మిక్కిలి బరువు. ఒరిగినచో ఆమ్లము చిందును. కనుక దానిని చెక్కపెట్టెలో నునిచి, పడవనడుమ అడుగుభాగమున కట్టివేయవలెను. దానిలోని శక్తిలో సగముకంటె వాడరాదు. ఇంటికి రాగానే మరల నింపవలెను. ఖాళీగా నిలువయుంచినచో లోపల సల్ఫేటుపొర గట్టి పాడగును. నింపునపుడు ప్రేలెడు వాయువు పుట్టును గావున వంటయింట పెట్టరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ వెల హెచ్చు. కాని నూఱు ఆంపియరు గంటలది పండ్రెండు పదుమూడు కిలోలే తూగును, దాని శక్తిలో నూటికి ఎనుబదివంతులు వాడుకొనవచ్చును. అంతటి బ్యాటరీయు చేయగల పని ఒక లీటరు పెట్రోలు చేయు పనికంటె తక్కువే. ఈ మాట విని నిరాశ చెందవలదు. మరల నింపుటకు పట్టునది యూనిటున్నర కరెంటు మాత్రమే యనికూడ జ్ఞాపకముంచుకొనుడు.

ఈ యల్పశక్తితో దూరము పోవు రహస్యమొకటి కలదు. నీటిలో వేగమును రెట్టింపు చేయగోరినచో కావలసిన శక్తి రెట్టింపు కాదు, ఇంచుమించు ఎనిమిదిరెట్లగును. వేగము సగము చేసినచో శక్తి ఎనిమిదవవంతు చాలును. మా పడవను నిలకడనీటిలో పూర్తివేగమున నడపగా గంటకు ఆఱున్నర కిలోమీటర్లు పోయినది. నూటఏబది ఆంపియరు గంటల ట్యూబులరు బ్యాటరీలో సగము గంటకు కొంచెము పైగా నడచుసరికి తీరినది. అనగా ఏడు కిలోమీటర్లు. పిడి తగ్గించి పదునైదు ఆంపియరులకు తెచ్చితిమి. వేగము నాలుగు కిలోమీటర్లకు కొంచెము పైన నిలిచినది. ఐదుగంటలు నడచి ఇరువది కిలోమీటర్లు దాటినది. బ్యాటరీ అదే, నీరు అదే, మోటారు అదే. ఓర్పు ఒక్కటే భేదము. ఇందొక్క యెచ్చరిక. మిక్కిలి చౌకమోటారులలో ఐదు మెట్ల వేగములు గలవి, మెట్టు తగ్గించినపుడు మిగిలిన శక్తిని తీగచుట్టలలో వేడిగా పారబోయును. మెట్లు లేక మెలివేతతో వేగము మార్చు రకమునందు ఈ నష్టము మిక్కిలి తక్కువ. కొనునపుడు ఈ భేదమడుగవలెను.

ఇంతవరకు చెప్పినది మా లెక్క. ఇప్పుడు మా తప్పు చెప్పెదము.

మోటారు కొన్న సంవత్సరము శ్రావణమాసమున మా మేనల్లుడు ఇద్దఱు మనుష్యులను ఎక్కించుకొని లంకనుండి గట్టునకు బయలుదేఱెను. ఎఱ్ఱనీరు దిగుచుండెను. ముందటిరాత్రి కరెంటు పోయినందున బ్యాటరీ పూర్తిగా నిండలేదు. అమ్మినవాడు ఐదుగంటలు నడచునని చెప్పెను గాని యే వేగమున నని చెప్పలేదు, మేమును అడుగలేదు. పిల్లవాడు ఉత్సాహముతో పిడిని కొసవఱకు త్రిప్పెను. ‘మోటారుండగా తెడ్డెందుల’కని తెడ్డును రేవుననే విడిచెను. అది చూచియు మేము మాటలాడక నవ్వి యూరకుంటిమి. ఆ నవ్వు మమ్ము నేటికిని బాధించుచున్నది. నడియేట మోటారు మూలిగి నిలిచిపోయెను. రెండు కిలోమీటర్లు కొట్టుకొనిపోయి, ఒక తిప్ప ప్రక్కనున్న రెల్లుదుబ్బును పట్టుకొని ముగ్గురును ఏడ్చుచుండగా, వల తీయుచున్న యొక ముసలి తాత తన దోనె నడిపించుకొని వచ్చి వారిని ఒడ్డు చేర్చెను. ఆయన మాతో ననిన మాట యొకటే: “పంతులుగారూ, యంత్రానికి ఆకలేస్తుందండి, తెడ్డుకి ఆకలెయ్యదండి.” మేము చదివిన శాస్త్రములన్నియు ఆ మాటయెదుట చిన్నబోయినవి.

ఆ దినమునుండి మా యింట కొన్ని నియమములు పెట్టుకొంటిమి. తెడ్డును గడయు లేక రేవు విడువరాదు. ఎక్కిన ప్రతివారును ప్రాణరక్షకపు చొక్కా తొడుగవలెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు కడ గోదావరిలో జరిగిన ఘోరమును ఎఱిగిన మనకు దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. వాడదగిన శక్తిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మూడవవంతు ఆపదకు. ముందు ఎదురునీట పోవలెను. రాక వాలునీట నుండవలెను. ప్రవాహము గంటకు మూడు కిలోమీటర్లున్నచో, నాలుగు కిలోమీటర్ల వేగము గల పడవ ఎదురుపోవునది ఒక్క కిలోమీటరే యని లెక్కవేసికొనవలెను. ఎఱ్ఱనీటి దినములలో ఈ మోటారును ఇంటిలో గోడకు చేర్చవలెను. లిథియం బ్యాటరీ చివరివఱకు నిండుగా నున్నట్లే కనబడి ఒక్కసారిగా ఆగును. కనుక ఖర్చైన ఆంపియరులను లెక్కించు చిన్నయంత్రము దానికి తప్పనిసరి.

తీగలవిషయమున పిసినారితనము ప్రాణాంతకము. ఏబది ఆంపియరులు పోవుచోట ఇంటిదీపమునకు వాడు సన్నతీగ వేసినచో అది కాలును. పదునాఱు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేసి, బ్యాటరీప్రక్కనే అఱువది ఆంపియరుల ఫ్యూజు పెట్టవలెను. వారమున కొకసారి రెక్కలూడదీసి, ఇరుసునకు చుట్టుకొన్న వలదారమును తీయవలెను. తీయకున్న అది ముద్రను కోసి మోటారులోనికి నీరు దింపును. ఉప్పుటేటిలో వాడినచో మంచినీట కడుగవలెను. మంచినీటి కొఱకు మాత్రమే చేసిన మోటారును ఉప్పునీట దింపనేరాదు. సముద్రమున కీ చిన్నమోటారు పనికిరాదు. అలలతో పందెము వేయు బలము దానికి లేదు. యంత్రముతో నడచు నావలకు 2021వ సంవత్సరపు లోతట్టు నౌకల చట్టము కలదు గావున, మోటారు బిగించుటకు ముందే అధికారుల నడిగి నమోదువిషయము తెలిసికొనుట మేలు.

ఇన్ని అడ్డంకులు చెప్పిన పిమ్మట ఇది యెవరికని తామడుగవచ్చును. కాలువలలో, చెఱువులలో, కొల్లేటివంటి నిలకడనీట, జలాశయముల అంచున, వేసవిలో సన్నగిలిన గోదావరిపాయలలో దినమునకు నాలుగైదు కిలోమీటర్లు తిరుగు వలకాండ్రకిది తగినది. ముఖ్యముగా భుజములు పోయిన వృద్ధులకు తగినది. మాకు మోటారు, బ్యాటరీ, తీగలు అన్నియు కలిపి 60,000 రూపాయలకు లోపుగనే యైనది. దినపు ఖర్చు పది పదునైదు రూపాయల కరెంటు. చప్పుడు లేదు, నీటిమీద నూనెతెట్టు లేదు, చేప బెదరదు. మావారిని ఒడ్డునకు చేర్చిన ఆ తాతయే ఇప్పుడు వేసవిలో ఆ మోటారును వాడుచున్నాడు. తెడ్డును మాత్రము ప్రక్కనుండి తీయడు.

కావున ఈ సభవారికి మా విన్నపములు మూడు. సంఘనిధినుండి రెండు మోటారులను కొని, రెండు లంకగ్రామములకు ఒక వేసవి యెరువిచ్చి, ప్రతిదినము పోయిన దూరమును ఖర్చైన శక్తిని పుస్తకమున వ్రాయించి, వచ్చు సభలో ఆ లెక్క చదివింపవలెను. అప్పుడే తక్కినవారు అప్పు చేయవచ్చునో కూడదో తేలును. ఊరికొక్క యువకునికి తీగలపని నేర్పింపవలెను. మోటారుతోపాటు ప్రాణరక్షకపు చొక్కాలు లేనిదే యెరువీయరాదు. పూలదండలకును పందిళ్ళకును ప్రతియేడు వెచ్చించు ధనములో కొంతభాగము దీనికి చాలునని మనవి. మొదటి మోటారునకు మా యొకనెల పింఛనును ఈ సభయందే అధ్యక్షులవారి చేతికి సమర్పించుచున్నాము.

శ్రీరామచంద్రుని గంగ దాటించిన గుహుని నావకు మోటారు లేదు; నమ్మినవారిని క్షేమముగా దరిచేర్చవలెనను బుద్ధి యుండెను. యంత్రము మాఱినను ఆ బుద్ధి మనలో మాఱకుండుగాక. సర్వేజనాస్సుఖినోభవంతు.