చిన్న చేపను విడిచిపెడదాం



మిరుగు వచ్చిందంటే కామారెడ్డిలో అయినా, ఎల్లారెడ్డిలో అయినా చేపల కూర వండని ఇల్లు తక్కువ. జూన్ 7న గానీ, 8న గానీ మృగశిర కార్తె మొదలవుతుంది. ఆ రోజు చేప తింటే ఒంటికి మంచిదని పెద్దల మాట. తెల్లవారకముందే మార్కెట్లో జనం నిండిపోతారు. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట, ఏదైనా ఆ రోజు ధర ఎక్కువే.

అయితే ఆ గంపల్లోకి ఒకసారి తొంగి చూడండి. పెద్ద చేపల పక్కన బెత్తెడు చేపలు కూడా ఉంటాయి. కడుపు నిండా గుడ్లున్న చేపలు కూడా ఉంటాయి. ఈనాటి మాట ఆ రెండింటి గురించే.

కామారెడ్డి జిల్లాకు సముద్రం లేదు. కానీ నీళ్లున్నాయి. మంజీర నది మీద నిజాంసాగర్ ఉంది. 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఎల్లారెడ్డికి దగ్గరలో పోచారం ప్రాజెక్టు ఉంది. అది నిజాంసాగర్ కంటే ముందే, 1922లో పూర్తయింది. ఇవి కాక ఊరూరా చెరువులు, కుంటలు ఉన్నాయి. ఈ నీళ్లు పొలం తడుపుతాయి. ఈ నీళ్లలోనే గంగపుత్రుల, ముదిరాజుల బతుకు కూడా ఉంది. మగవాళ్లు వల వేస్తారు. ఆడవాళ్లు గంప ఎత్తుకుని ఊరూరా తిరిగి అమ్ముతారు. చేప ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మరి చేప ఎట్లా పుడుతుంది? చాలామంది అనుకుంటారు, నీళ్లుంటే చేప దానంతట అదే పుడుతుందని. అన్ని చేపలూ అట్లా కాదు.

బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే నీళ్లు కావాలి. అందుకే కొత్త నీరు రాగానే ఇవి వాగుకు ఎదురెక్కుతాయి. చెరువుల్లో వీటి పిల్లల్ని తెచ్చి వదలాలి. పూర్వం నదుల్లో పిల్లల్ని ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌదురి అనే శాస్త్రవేత్త ఒరిస్సాలోని అంగుల్‌లో కొత్త పద్ధతి కనిపెట్టారు. చేప తలలోని ఒక గ్రంథి నుంచి తీసిన మందును సూదితో ఇచ్చి, నది లేకుండానే గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుతారు.

కొర్రమట్ట సంగతి వేరు. అది చెరువులోనే, గడ్డి ఉన్న అంచుల్లో గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, ఒక ముద్దలాగా నీటి మీద తిరుగుతాయి. వాటి కిందనే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఎర్ర ముద్ద కనబడగానే కొందరు గాలం వేసి కాపలా చేపను పట్టేస్తారు. ఒక్క చేప దొరికిందని సంతోషం. కానీ కాపలా పోయిన పిల్లల్ని కప్పలు, పాములు, వేరే చేపలు తినేస్తాయి. ఒక్క చేప కోసం వందల చేపలు పోయినట్టే. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప కూడా.

ఇక ఒక లెక్క చేద్దాం. పలక తీసుకోండి.

చెరువులో 100 బొచ్చె పిల్లలు ఉన్నాయి అనుకుందాం. పావు కిలో కాగానే అన్నీ పట్టేస్తే ఎంత? 25 కిలోలు. అవే కిలో అయ్యేదాకా ఆగితే? 100 కిలోలు. సరే, ఆగిన రోజుల్లో 20 చేపలు చచ్చిపోయాయి అనుకుందాం. అయినా 80 కిలోలు. 25 ఎక్కడ, 80 ఎక్కడ! పైగా చిన్న చేపకు కిలో ధర తక్కువ, పెద్ద చేపకు ఎక్కువ.

ఈ లెక్క తెలియనివారు ఉండరు. వలపట్టేవారికి ఇంకా బాగా తెలుసు. మరి ఎందుకు పడతారు? చెరువు గట్టున వినబడే మాట వినండి.

"గవి ఇంక చిన్నయి, ఇడ్సిపెట్టు అల్లుడా."

"నేనిడిస్తే ఇంకోడు పట్టుకపోడా మామా?"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అల్లుడు చెడ్డవాడు కాదు. అతని ఇంట్లో బియ్యం అయిపోయాయి. వ్యాపారి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. తాను విడిచిన చేప రేపు తనకే దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే ఒక్కడే నియమం పెట్టుకుంటే లాభం లేదు. అందరూ కలిసి పెట్టుకోవాలి.

కలిసి పెట్టుకోకపోతే ఏమవుతుంది? కెనడా దేశంలో న్యూఫౌండ్‌లాండ్ అనే చోటు ఉంది. అక్కడి సముద్రంలో కాడ్ అనే చేప లెక్కలేనంత ఉండేది. వందల ఏళ్లు జనం దాని మీదే బతికారు. తర్వాత పెద్ద పెద్ద ఓడలు వచ్చి రాత్రింబవళ్లు పట్టాయి. చివరికి 1992లో ప్రభుత్వం వేట ఆపేసింది. దాదాపు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లు ఆపితే చాలు అనుకున్నారు. వ్యాపార వేటను మళ్లీ తెరవడానికి 32 ఏళ్లు పట్టింది. 2024లో తెరిచారు, అదీ కొద్ది పరిమితితోనే. సముద్రమే ఖాళీ అయితే చెరువు ఎంత?

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఒక నియమం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ సెలవు. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి ప్రభుత్వం సాయం చేస్తుంది. అందరి పడవలూ ఒకేసారి ఆగుతాయి. అందుకే "ఇంకోడు పట్టుకపోతడు" అన్న భయం ఉండదు.

చెరువుకు కూడా ఇట్లాంటి నియమం కావాలి. ఊళ్లో మత్స్యకారుల సహకార సంఘం ఉంటుంది. ఆ సంఘం కూర్చుని ఈ తీర్మానాలు చేసుకోవచ్చు.

1. వల కన్ను ఎంత ఉండాలో మత్స్యశాఖ వారిని అడిగి నిర్ణయించాలి. అంతకంటే చిన్న కన్ను వల చెరువులో దిగకూడదు.

2. తొలి వానలకు చేపలు ఎదురెక్కేటప్పుడు వాగు దగ్గర, మోరీల దగ్గర, మత్తడి దగ్గర వలలు అడ్డం కట్టకూడదు.

3. కొర్రమట్ట పిల్లలతో తిరిగేటప్పుడు దాన్ని ముట్టకూడదు. చెరువు అంచున కొంత గడ్డి ఉంచాలి.

4. విషం, మందుగుండు, కరెంటు పెట్టి చేపలు పట్టకూడదు. అది నేరం. ఆ నీళ్లు తాగిన గొడ్లకు, దిగిన మనుషులకు కూడా ప్రమాదం.

5. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను చెరువులోకి రానీయకూడదు. దాని పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అది వేరే చేపల పిల్లల్ని మింగేస్తుంది.

6. ఎండాకాలంలో చెరువు పూర్తిగా ఊడ్చకూడదు. లోతైన మడుగులో కొన్ని తల్లి చేపలను ఉంచాలి.

చేప ఒక్కటే కాదు, నీరు కూడా బాగుండాలి. పొలాల్లో కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చి చెరువులో చేరుతుంది. పురుగుమందు డబ్బాలు చెరువులో కడగడం పెద్ద తప్పు. గుర్రపుడెక్క నీళ్లంతా కమ్మితే చేపకు ఊపిరి ఆడదు. వినాయక చవితికి రంగులు పూసిన ప్లాస్టర్ బొమ్మలకు బదులు మట్టి బొమ్మలు పెడితే చెరువుకు మేలు. ఈ పనులు మత్స్యకారులు ఒక్కరే చేయలేరు. రైతులు, పంచాయతీ, పిల్లలు, అందరూ కలవాలి.

వరదల సంగతి కూడా ఉంది. 2025 ఆగస్టు నెలాఖరులో కామారెడ్డి జిల్లాలో కుండపోత వానలు పడ్డాయి. వాగులు, చెరువులు పొంగాయి. మత్తడి దూకే నీళ్లతో చేపలు కూడా పోతాయి. మత్తడి దగ్గర నీళ్లు ఆగకుండా, చేప మాత్రం దాటకుండా జాలి కట్టుకోవాలి. చెత్త చేరితే వెంటనే తీయాలి. లేకపోతే కట్టకే ముప్పు.

ఇక చదువు నేర్చినవారికి ఒక ముఖ్యమైన మాట. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలని నిర్ణయించారు. బండి వచ్చినప్పుడు సంఘం సభ్యులు స్కేలు పట్టి కొలవాలి. ఒక గిన్నెలో ఎన్ని పిల్లలు ఉన్నాయో లెక్కపెట్టాలి. 200 ఉంటే, 50 గిన్నెలు పోస్తే 10,000. కాగితం మీద ఎంత రాశారో చదవాలి. రెండూ సరిపోతేనే సంతకం పెట్టాలి. పిల్లల సంచులను కొంతసేపు చెరువు నీళ్లలో తేలనిచ్చి, తర్వాత విప్పాలి. ఒక్కసారిగా పోస్తే వేడి, చల్లదనం తేడాకు పిల్లలు చస్తాయి.

ఇదివరకు చాలామంది చూడకుండానే వేలిముద్ర వేశారు. చెరువు కౌలు ఎంతో, సంఘం డబ్బు ఎంతో, ఎవరి పేరు మీద ఏముందో తెలియదు. ఇప్పుడు అక్షరం వచ్చింది. తీర్మానాల పుస్తకం సభలో పైకి చదవమని అడగండి. అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. గంప ఎత్తి చేపలు అమ్మే అక్కచెల్లెళ్లు కూడా సభ్యత్వం అడగాలి. ఏ చేప ఏ నెలలో ఎంత చిన్నగా వస్తోందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

నియమాలు పుస్తకంలో ఉంటే చాలదు. చెరువు కట్ట మీద, గుడి గోడ మీద, సంఘం ఇంటి మీద పెద్ద అక్షరాలతో రాయండి. తప్పిన వారికి జరిమానా ఎంతో కూడా రాయండి. అది అధ్యక్షుడి కొడుకు తప్పినా ఒకటే, పేదవాడు తప్పినా ఒకటే. అప్పుడే నమ్మకం వస్తుంది.

అప్పుడు ఆ అల్లుడి వలలో బెత్తెడు చేప పడితే, అతను దాన్ని మళ్లీ నీళ్లలో వేస్తాడు. వచ్చే మిరుగు నాటికి అది కిలో చేప అయి, ఆ సంఘంలో ఎవరో ఒకరి గంపలోకే వస్తుంది. ఈ పాఠం చదివినవారు చదవని ఇంకొకరికి వినిపించండి. సెలవు.