ఒకటో తారీఖు లేని జీవనం



పోకర్ ఆడి బతుకుతానంటున్న మనవళ్లకు ఏం చెప్పాలని కొందరు నన్నడిగారు. అక్కౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, లెక్కే చెబుతాను.

పంచిన మొదటి రెండు ముక్కలూ ఆసులు కావడం సగటున 221 పంపకాల్లో ఒకసారి. అవి వచ్చినా, ఎదుట ఒక్కరే ఉన్నా, చివరిదాకా ఆడితే వందలో సుమారు 15 సార్లు ఓటమే. నేర్పరికైనా నెలల తరబడి నష్టం రావచ్చు. పందెం సొమ్ములో క్లబ్బు కోత సరేసరి. ఇంటి అద్దె ఆగదు, పెట్టుబడిలోంచే తీయాలి. దాంతో నిద్ర కరువు. భయంతో ఆడితే ఆటా చెడుతుంది.

మనకు ఒకటో తారీఖున పెన్షన్ ఉంది. వారికి ఏ తారీఖూ లేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టంతో నిషేధించింది. మిగిలింది మన పని. కసరకుండా కూర్చోబెట్టి, నెల ఖర్చు వారిచేతే రాయించండి. గ్రాట్యుటీ సొమ్ము మాత్రం చేతికివ్వకండి.

సెలవు.